ఖరాబ్ కాని ఫోన్

అది అమ్మేది కాదు సార్. కింద వెట్టుండ్రి.

ఇంకో మాట చెప్పాల్నా? అది ఖరాబ్ కూడ కాలే. మీద చిట్టీ ఉన్నది గదా, "బోర్డు పోయింది" అని? అబద్ధం. నేనే రాసి, నేనే అతికిచ్చిన. ఈ ముచ్చట ఇప్పటిదాంక నోరు తెరిచి ఎవ్వరికీ చెప్పలే. మీకే ఫస్టు. ఎందుకు చెప్తున్ననో నాకే తెలుస్తలేదు.

ఏమన్నరు మీరు ఇందాక? "ఆ రోజులే బాగుండె" అన్నరు. అబ్బ! పొద్దుగాల్నించి గా మాట అన్నోళ్లల్ల మీరు నాలుగో మనిషి. అబిడ్స్‌ల ఇన్ని ఫోన్ల దుకాణాలున్నయి, గా మాట అనెటోళ్లందరు సక్కగ నా కౌంటర్ కాడికే ఎట్లొస్తరో!

కూసోండ్రి. స్టూలు జర ఊగుతది, ఫికర్ చెయ్యకుండ్రి. మీ ఫోన్‌కు స్పీకర్ మార్చుడు అద్దగంట పని.

కొండాపూర్ నుంచి వచ్చిన్రా? అంటే గంటన్నర ట్రాఫిక్‌ల కూసోని, మ్యాప్ చూసుకుంట, ఒక్కర్ని దారి అడగకుండ నా దుకాణం ముంగట దిగిన్రు. దిగంగనే "ఈ స్మార్ట్ ఫోన్లు మనుషుల్ని పాడు చేసినయి" అన్నరు. శెబాష్! ఆ దారి చూపెట్టింది ఎవరు సార్, మీ తాతనా?

కోపం తెచ్చుకోకుండ్రి. మీ అసొంటోళ్లు మస్తుమంది వస్తరు. వారమంత టచ్ ఫోన్, శనారం ఒక్కపొద్దు లెక్క బటన్ ఫోన్. మొన్న ఒకామె వచ్చి, "నొక్కితే టిక్కుమని సప్పుడు రావాలమ్మా, గప్పుడే మనసుకు శాంతి" అన్నది. ఇంకొకాయన నా డబ్బాలెంచి పాత ఫోన్ ఏరుకొని, గాడనే నిలవడి దాన్ని కొత్త ఫోన్‌తోని ఫొటో తీసి, "సోషల్ మీడియాకు సెలవు" అని సోషల్ మీడియాలనే పెట్టిండు. నేను నవ్వలే. నవ్వితే గిరాకి పోతది.

ఔ, మంచి ఫోన్లే. కాదన్నన్నా? బండ మీద పడితే బండ పలగాలె గని ఫోన్ పలగదు. ఒక్కపారి చార్జింగ్ పెడితే నాలుగొద్దులు నడుస్తుండె. కరెంటు పోతే టార్చి. జేబులకు చెయ్యి వెట్టి, చూడకుండనే మెసేజ్ కొట్టెటోళ్లు పోరగాండ్లు. ఫోన్లు బాగుండె సార్. ఆ రోజుల సంగతే నాకు తెల్వదు.

మీరు ఇందాక చేతుల వట్టుకున్నది మా నాయినది. మల్లయ్య ఆయన పేరు. గీడనే, నాంపల్లి కోర్టుల అటెండర్ చేసి రిటైరయిండు. బతుకంత ఒక హాల్ల నుంచి ఇంకో హాల్లకు ఫైళ్లు మోసుడే. ఇంట్ల మేం ముగ్గురం. నాయిన, మా అక్క నర్మద, నేను. నాకు రెండేండ్లప్పుడే అమ్మ పోయింది. జడేసుడు, సద్ది కట్టుడు, జరమొస్తే దవాఖానకు ఎత్తుకపోవుడు, అన్నీ అక్కనే. నాకంటే ఎనిమిదేండ్లే పెద్ద. ఎనిమిదేండ్ల పెద్ద మనిషి అమ్మ ఎట్లయితదో, అయింది మరి.

నాంపల్లి స్టేషన్ ఎన్క ఒక్క అర్ర, కిరాయికి. అక్క సుల్తాన్ బజార్‌ల చీరల దుకాణంల కుదిరినంక ఇంట్లకు రెండు ఫోన్లొచ్చినయి. ఆమెకొకటి, నాయినకొకటి.

రెండు ఫోన్లున్నయని మాట్లాడుకున్నమనుకున్నరా? మాట్లాడితే బ్యాలెన్స్ అయిపోదా! మావి రింగులే. ఒక్క రింగిచ్చి కట్ చేస్తే దుకాణం నుంచి ఎల్లినట్టు. రెండిచ్చి కట్ చేస్తే లేటయితది, మీరు తినుండ్రి అన్నట్టు. భయమైతే ఎన్ని, బాధైతే ఎన్ని, గవన్నీ పెట్టుకోలే.

ఇంట్ల కానూన్ ఒక్కటే. మోగితే ఎత్తొద్దు. రెండు దాటి మోగిందంటే అక్క కట్ చేసుడు మర్సిందన్నట్టు, మనమే కట్ చెయ్యాలె. ఎత్తితే అక్క పైసలు పోతయి. నాయిన నాకు వంద సార్లు చెప్పిండు. కోర్టుల పనిచేసెటోడు గదా, కానూన్ అంటే కానూనే.

నవ్వుతున్నరా? నవ్వుండ్రి. మీకిది మస్తు ముద్దుగనే అనిపిస్తది. ఆగుండ్రి, వీడియో తీస్తున్నరా ఏంది? ఫోన్లే వద్దనెటాయనకు రెండు ఫోన్లా! బోర్లేసి పెట్టుండ్రి దాన్ని. ఆఁ, గట్ల.

రెండు వేల తొమ్మిది. ఆదివారం. నాకు పన్నెండేండ్లు. బగారన్నం తిని నాయిన గుర్రు కొడుతున్నడు. వారంల ఫోన్ నా చేతికి దొరికేది గా గంటనే. ఇంకేముంటది, పాము ఆట. మీరు రాంగనే అడిగిన్రు గదా, "దీంట్ల స్నేక్ ఉన్నదా" అని? ఉన్నది. ఎటువోతది.

ఆ దినం పాము సగం స్క్రీన్ నిండింది. నా జిందగీల అంత పొడుగు ఎన్నడు కాలే. ఊపిరి వట్టుకొని ఆడుతున్న. గప్పుడు మోగింది.

అక్క. ఒకటి, రెండు, మూడు రింగులు. కట్ చేసుడు మర్సిందనుకున్న. కానూన్ ప్రకారం నేనే కట్ చేసిన. మల్ల మోగింది. మల్ల కట్ చేసిన. ఈ రెండింటికి నన్ను ఏ జడ్జి ముంగట నిలవెట్టినా గెలిచి వస్త సార్.

మూడోపారి గూడ మోగింది.

మూడోపారి నాకు సమజైంది. పన్నెండేండ్ల పిల్లకు గంత తెల్వదా? మనిషి మూడుసార్లు చేస్తున్నదంటే మాట్లాడటానికే. నా బొటనవేలు పచ్చ బటన్ మీదనే ఉండె. గని ఎత్తితే ఆట ఉంటదో పోతదో. నాయినను లేపాలె. లేపితే ఫోన్ గుంజుకుంటడు. పాము గంత పొడుగుండె సార్!

ఎర్ర బటన్ నొక్కిన.

ఇంకో నాలుగు నిమిషాలు ఆడిన. తన తోక తానే కొరుక్కొని సచ్చింది. కొత్త రికార్డు అని స్క్రీన్ మీద పడ్డది. అర్రల ఒక్కదాన్నే ఎగిరిన, నాయిన లేవకుండ, సప్పుడు కాకుండ.

గప్పుడు అక్క ఏడున్నదో తెలుసా? నాంపల్లి స్టేషన్ల. దుకాణంల చీరలు చూపెట్టే జితేందర్‌తోని షోలాపూర్ దిక్కు పోయే బండి ఎక్కుతున్నది. మా అర్రకు, ఆ ప్లాట్‌ఫారానికి నడిమిట్ల ఒక్క గోడ. సుట్టు తిరిగి ఉరికినా ఐదు నిమిషాలు. బండి కదిలేటప్పుడు ఏసిన కూత నాకు ఇనవడ్డది గూడ. రోజు ఇనవడేదే గదా, ఎవరు పట్టించుకుంటరు?

దీపాలు పెట్టే యాల్లకు దుకాణపోళ్లు వచ్చిన్రు చెప్పెటందుకు. వాళ్లు గడపల నిలవడి "నర్మద" అనంగనే ఫోన్ తీసి కాల్ లిస్టు మొత్తం తుడిచేసిన. ఎందుకంటే, కొడ్తడని. గంతే సార్. రెండు దెబ్బలకు భయపడ్డ. పెద్ద కుట్ర ఏం లేదు.

నాయిన అరవలే. నా చేతిలెంచి ఫోన్ తీస్కొని లిస్టు చూసిండు. ఖాళీ. మల్ల చూసిండు. "ఒక్క ఫోన్ గూడ చెయ్యబుద్ధి కాలేదు బిడ్డకు" అన్నడు. గదే మాట పదహారేండ్లు అన్నడు. బోనాలప్పుడు అన్నడు, రిటైరైన నాడు పూలదండ మెడల ఉండంగ అన్నడు. నేను పక్కనే ఉండి చాయ్ ఇచ్చిన.

ఆయన చెయ్యొచ్చు గదా అంటరా? పంతం. ఆ పంతం దిగేటాళ్లకు అక్క నంబరే మారింది.

గిదంత పాత కథ. అసలుది గీ మధ్యన అయింది.

కాచిగూడల ఒక పెండ్లికి అక్క వచ్చిందట. మా పెద్దమ్మకు కలిసిందట. "నాయిన ఒక్క మాట తిట్టినా బండి దిగిపోతుంటి పెద్దమ్మా. మూడుసార్లు చేసిన. మూడుసార్లు కట్ చేసిండు. నేను సచ్చినట్టే ఆయనకు అనుకొని ఎక్కిన" అని ఏడ్సిందట. పెద్దమ్మ కడుపుల మాట ఆగుతదా? తెల్లారి వచ్చి నాయిన ముంగట పెట్టింది.

నాయిన ఏం జేసిండో చెప్పాల్నా? పెట్టె అడుగున దస్తీల సుట్టి దాచిన ఈ ఫోన్ తీసిండు. తెచ్చి నా కౌంటర్ మీద పెట్టి, గిరాకి లెక్క గిదే స్టూల్ మీద కూసున్నడు. "నవతా, పోయిన ఫొటోలు, పోయిన నంబర్లు అన్నీ తీస్తవు గదా బిడ్డా. దీంట్లకెంచి ఆ ఆదివారం సంగతి తియ్యి. నేనైతే కట్ చెయ్యలే. నిద్రల గిట్ల నా చెయ్యి తగిలిందో ఏమో, జర చూడు" అన్నడు.

నిద్రల చెయ్యి తగిలిందేమో అంటుండు సార్! తన మీద తనకే అనుమానం పెట్టుకున్నడు ముసలాయన.

నేనేమన్న? "బోర్డు పోయింది నాయినా, దీని సామాన్ ఇప్పుడు దొరుకుతలేదు" అన్న. ఆయన ముంగటనే చిట్టీ రాసి అతికిచ్చిన, పక్కా మెకానిక్ లెక్క. "పోనీ తీ" అనుకుంట మెట్లు దిగిపోయిండు. దిగేటప్పుడు గోడ వట్టుకున్నడు. ఎన్నడు పట్టుకోకపోయేది.

ఆయన పోయినంక బ్యాటరీ మార్చిన. టక్కున వెలిగింది. లిస్టు ఖాళీనే. పాము టాప్ స్కోరు మాత్రం గట్లనే ఉన్నది. గది తుడిచేది ఎట్లనో ఆ ఆదివారం నాకు తెల్వలే మరి.

అందరు అడుగుతరు, ఏ కోర్సు చెయ్యకుండ చిప్పు పని ఎట్ల నేర్చినవమ్మా అని. ఒకపారి పేపరాయన గూడ వచ్చిండు. "చిన్నప్పట్నించి ఇంట్రెస్టు సార్" అని ఫొటోకు నవ్విన. నా మొహం ఇంట్రెస్టు! పద్నాలుగేండ్లప్పుడు ఎవరో పారేసిన ఫోన్ ఏరి తెచ్చి ఇప్పిన, తుడిచేసిన లిస్టు లోపల ఏడన్న మిగులుతదా చూద్దామని. మిగిలితే దొరికిపోతనని భయం. మిగలకుంటే ఏడుపు. గట్ల ఇప్పుకుంట ఇప్పుకుంట మెకానిక్ అయిన.

ఏందట్ల చూస్తున్నరు? మీకు కావాల్సిన పాత రోజులే గదా ఇవి. బాగున్నయా?

ఇంక ఇనుండ్రి. నిన్న పెద్దమ్మ దుకాణానికి వచ్చింది. ఇయ్యాల మాపటి బండికి షోలాపూర్ పోతున్నదట, అక్క ఇంటికే. తాను ఫోన్ చేస్తే అక్క కట్ చేస్తదని భయమేమో, నాయిన ఒక మాట చెప్పి పంపుతున్నడట. "నేనే కట్ చేసిన్నని చెప్పు వదినా. కోపంల చేసిన, తప్పయిందని చెప్పు. గట్లనన్న బిడ్డ ఒకపారి ఇంటికొస్తదేమో."

చెయ్యని తప్పు ఒప్పుకుంటుండు. బతుకంత కోర్టుల ఉండి గూడ!

నాకు మంచిదే గదా సార్? అక్క కరుగుతది, వస్తది, ఇద్దరు ఏడుస్తరు. నేను మల్ల చాయ్ ఇస్త. ఎవ్వరికి ఏం తెల్వదు. నిన్నటి నుంచి గదే అనుకుంటున్న. అన్నం మాత్రం దిగుతలేదు.

అక్క నంబరా? ఉన్నది. పెద్దమ్మ రెండు నెలల కిందనే ఇచ్చింది. నాయినకు కనవడొద్దని "షోలాపూర్ డిస్‌ప్లే" అని దాసుకున్న. దొంగబుద్ధి ఏడికి పోతది!

బండికి ఇంక మూడు గంటలే ఉన్నది. నాయిన మాట ఆ ఇంటికి చేరకముందు నా మాట చేరాలె. తిడుతదా, తిట్టనీ. ఇన్నేండ్ల సంది ఆయనకు పడ్డ తిట్లు నావే గదా. మొహం చూడనంటదా, అననీ. జడేసిన చెయ్యి, గంత హక్కు లేదా?

ఇగో మీ ఫోన్. స్పీకర్ మంచిగ పలుకుతున్నది. ఇగ నడువుండ్రి సార్.

ఏంది? ఇంతసేపు అంతా చెప్పి ఇప్పుడు పొమ్మంటున్ననా? మీకు చెప్పుడేం పెద్ద పని? మీరు నాకేమైతరు? నచ్చకుంటే ఇంకో దుకాణానికి పోతరు, నాకు పోయేదేంది.

అక్కకు చెప్పుడే పెద్ద పని. జరుగుండ్రి, ఫోన్ చేస్తున్న.