మెట్ట మీది ఆయాసం

వియన్నా కచేరీ హాల్లో విరామం. నిలబడి వినే చోట ఇద్దరు ముసలివాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఒకరు తిరోల్ కొండల్లోని ఓ ఊరి బ్యాండుకు పెద్ద. రెండోవాడు ఆయన బావమరిది, ఆ బ్యాండులోనే పెద్ద బాకా ఊదుతాడు.

"విన్నావురా? మా అమ్మాయి వాల్‌బుర్గా కట్టిన స్వరాలకి హాలంతా ఊపిరి బిగబట్టింది."

"విన్నాను బావా. కానీ ఆ పెద్ద బాకావాడు ప్రతిసారీ తాళానికి ఓ అడుగు వెనకబడ్డాడు. వియన్నాలో కూడా ఇలాంటోళ్లున్నారా?"

"వాడి తప్పేం లేదు. అమ్మాయే అలా రాసింది."

"అలా ఎందుకు రాసిందీ?"

"ఊళ్లో ఎవరు పోయినా, శవం వెంట వాయిస్తూ చర్చి మెట్ట ఎక్కుతాం కదా. అక్కడ నీకు ఆయాసమొచ్చి తాళం తప్పేవాడివి. చిన్నప్పుడు అమ్మాయి అది వింటూ నీ వెనకే నడిచేది."

"దానికి ముప్పై ఏళ్లు నన్ను తిట్టిపోశావు!"

"తిట్టాను. నిన్న రిహార్సల్లో ఈ బాకావాడు సరిగ్గా తాళంలో ఊదాడట. అమ్మాయి ఆపేసి, 'అలా కాదండీ, మా మావయ్య ఊదినట్టు ఊదండి' అందట."

బావమరిది టోపీ అంచు నలిపాడు.

"మరి ఈసారి మెట్ట మీద నేను తాళం తప్పితే?"

"తప్పకపోతే చెప్తా నీ పని!"