నాట్ల పాట మీద నడిచిన పడవ

ఆ రోజు పొద్దున్న సరిగ్గా అయిదున్నరకి మా మేనత్త కుంజుపెణ్ణు రేవు మెట్ల మీద కూర్చుని చేపలు తోముతోంది. నువ్వడిగింది మా ఆడవాళ్ళ పడవ సంగతేగా, అది అక్కడే మొదలైంది. ఆ పీట లాక్కుని కూర్చో. మగవాళ్ళు పడవ పందేనికి సాధన చేస్తూ రేవు ముందు నుంచి పోతున్నారు. పోతూ పోతూ చెల్లప్పన్ మామ, అదే అత్త మొగుడు, తెడ్డుతో ఆమె మొహాన నీళ్ళు కొట్టాడు. అత్త ఊరుకునే రకమా. "అంతమంది లాగితే గడ్డివామి కూడా పరిగెడుతుంది, అందులో మీ గొప్పేంటి" అంది. "అయితే నువ్వు లాగి చూపించు" అన్నాడాయన. అంతే, సాయంత్రానికల్లా నాట్లకి పోయే వాళ్ళందరినీ పోగేసింది. నాకు అప్పటికి పెళ్ళయి ఏడాది కాలేదు. మా అత్తగారు, అంటే మా ఆయన తల్లి, ఆవిడ సంగతి చెప్పాలంటే తెల్లారుతుంది, "పందెం పడవెక్కితే కడుపు పండదు" అంది. నాకు అయిదుగురు పుట్టారు, ఇంకేం చెప్పను.

పడవలు ఊరివే గానీ పెత్తనం వర్కీచన్ గారిది. మీసం దువ్వుకుంటూ చెప్పాడాయన, "ఈసారికి చిన్న పడవ ఇస్తాను. గెలిచారా సరే. ఓడారా, ఇక పడవల పాక వైపు తొంగి చూడకూడదు." అత్త సరేనంది.

ముందు అత్త పడవెక్కనివ్వనేలేదు, రేవు మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి ఉత్త నీళ్ళే లాగించేది. కల్లు మానాలి అంది. ఊళ్ళో ఎక్కువ తాగేది ఆవిడే, పాపం తనే ముందు మానింది. తర్వాత పడవెక్కాం. అత్త నడుమ నిలబడి రోకలితో పలక మీద దంచుతూ పాడుతుంది, ఆ దెబ్బకి మేం తెడ్డెయ్యాలి. ఆవిడకి వచ్చినవి నాట్ల పాటలే. అక్కడొచ్చింది తంటా. పొలంలో పల్లవి తిరగ్గానే వెనక్కి వంగి కొత్త నారుకట్ట అందుకుంటాం కదా, పడవలోనూ అదే. పల్లవి రాగానే సగం మంది చెయ్యి వెనక్కి పోయేది. మిగతా సగం లాగేవాళ్ళు. పడవ గిర్రున తిరిగి గట్టుకి గుద్దుకునేది. గట్టు మీద మగాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వుతూ అత్తని, "పెణ్ణమ్మా, వడ్లు ఎప్పుడు పండుతాయే" అనేవాళ్ళు. ఎన్ని తిట్లు తిట్టినా ఆ అలవాటు పోలేదు. చివరికి ఓ రోజు అత్త రోకలి దించి, "సరే, పల్లవి దగ్గర ఆపండి. కానీ అందరూ ఆపండి. ఒక్క చెయ్యి కూడా కదలకూడదు. ఊపిరి తీసుకోండి, ఆ తర్వాత లాగండి చూద్దాం" అంది. ఆ పూట ఏమైందనుకున్నావ్, మేం ఆగిన చోట పడవ దానంతటదే జారుతూ పోయింది, పాములాగా. ఆ తర్వాత లాగుడు, అబ్బ, భుజాల్లో కొత్త బలం. ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నవ్వుకున్నాం. పొద్దు వాలినా దిగబుద్ధి కాలేదు.

పందెం రోజు తూర్పు ఒడ్డు ఊరివాళ్ళ పడవా మాదీ పక్కపక్కనే. మేం మొదటిసారి ఆగగానే వాళ్ళు ముందుకి దూకేశారు, గట్టు మీద ఒకటే గోల, "నారు పీకుతున్నారురోయ్" అని. అత్త గొంతు మాత్రం చెదరలేదు. సగం దాటాక వాళ్ళకి ఆయాసం, మాకేమో ఇంకా ఊపిరి మిగిలుంది. అందుకుంటున్నాం, అందుకుంటున్నాం, వాళ్ళ పడవ వెనక కొస దాటాం, నడుము దాటాం, చెల్లప్పన్ మామ మెడలోతు నీళ్ళలోకి వచ్చేసి "లాగు పెణ్ణే, లాగు" అని అరుస్తున్నాడు. చెబుతుంటే ఇప్పటికీ నా భుజాలు లేస్తున్నాయి చూడు. జానెడు. జానెడు తేడాతో వాళ్ళ పడవ ముక్కే ముందు గెలుపు తాడు తాకింది.

వర్కీచన్ గారు పడవ తీయించి, పాకకి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. అత్త ఆ రాత్రి కల్లు ముట్టలేదు. మామ తెచ్చి పెట్టినా ముట్టలేదు.

ఓ వారం పోయాక కొడవలికి పిడి వేయించడానికి వడ్రంగి కుమారన్ దగ్గరికి వెళ్ళాను. వాకిలి నిండా తెల్లటి చెక్కపొట్టు, గోడకి వరసగా కొత్త తెడ్లు, పొట్టివి. ఎవరికని అడిగితే తలెత్తకుండానే చెప్పాడు, "మీకే. మగాళ్ళ తెడ్లు మీకు పొడుగవుతున్నాయట, అందుకే ఓడారట. వచ్చే ఏడాదికి తయారుంచమన్నారు వర్కీచన్ గారు."