పదమూడో కుండీ వేళ్లు

(గాజు షెడ్డులో బల్ల మీద, కుండీలోంచి పెరికి అప్పుడే కడిగిన టమాటా మొక్క. వదిన శాస్త్రవేత్త; మరదలు అక్కడే మొక్కలకు నీళ్లు పెడుతుంది.)

“చూడవే చిట్టీ, చూడు. ఈ వేళ్లకు ఒక్క బుడిపె ఉందేమో వెతికి చూపించు.”

“నా కళ్లజోడు తెచ్చుకోలేదు వదినా.”

“నీకు కళ్లజోడే లేదు. చూడు.”

“చూశాను. తెల్లగా ఉన్నాయి. బాగున్నాయి. నేను నీళ్లు పెట్టొస్తా.”

“ఆగు. మిగతా పన్నెండు మొక్కల వేళ్లు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయాయా లేదా? ఇవేమో పసిపిల్ల జుట్టులా ఉన్నాయి. ఆరేళ్ల కష్టం చిట్టీ, ఆరేళ్లు. నాకు ఎగరాలనుంది.”

“ఎగురు. కుండీలు పడకుండా ఎగురు.”

“మీ అన్నయ్యకు ఫోన్ చేశాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలీక, అంబులెన్సు పంపనా అన్నాడు.”

“అన్నయ్య అంతే.”

“అరగంటలో పెద్దసారు వస్తారు. ఈ మొక్క నులిపురుగుల్ని తట్టుకుందంటే దీని విత్తనం పొలానికి వెళ్తుంది. లేదంటే షెడ్డుకు తాళం, నా పని బుట్టదాఖలు. అందుకే ఒక్క మాట అడుగుతా. పురుగులు పోశావు కదా?”

“ఏ పురుగులు?”

“చిట్టీ.”

“ఓ, ఆ పురుగులా. పోశాను. పోశానుగా. పోయకుండా ఎందుకుంటాను?”

“ఒక్కసారి చెబితే నమ్మేదాన్ని. ఆ రోజు నాకు జ్వరమని నీకు అప్పగించాను. కుండీకో సీసా పురుగుల నీళ్లు. పదమూడోదానికి పోశావా?”

“దానికి పోయకపోవడమా? దానికి పోశాను కాబట్టే కదా...”

“కాబట్టే కదా ఏంటి?”

“కాబట్టే పోశానంటున్నా.”

“నిజం చెప్పవే. పురుగులే పోయకపోతే ఏ మొక్క వేళ్లైనా నున్నగానే ఉంటాయి. దొంగే రాకపోతే కాపలావాణ్ని ఏమని మెచ్చుకుంటాం?”

“మొక్కలో కాపలావాడున్నాడా?”

“ఇద్దరున్నారు, ప్రతి కణంలోనూ. ఒకడు పురుగు వచ్చిందని పసిగడతాడు, రెండోవాడు కేకేస్తాడు. కేక వినగానే ఆ కణం తనంతట తాను చచ్చిపోయి పురుగుకు తిండి లేకుండా చేస్తుంది. పురుగేమన్నా తక్కువదా, ఉమ్మేసి ఆ కేకేసేవాడి నోరు మూసేస్తుంది. ఆ ఉమ్మి వాడికి అంటకుండా ఈ మొక్క జన్యువుల రాతలో ఒక్క అక్షరం మార్చాం. ఆరేళ్లు దానికే పట్టింది.”

“ఆరేళ్లకు ఒక్క అక్షరమా? నేను ఒకటో తరగతిలో రెండేళ్లు కూర్చుంటేనే అందరూ తిట్టారు.”

“నవ్వించకు. ఆ వేరు కొస మైక్రోస్కోప్ కింద పెట్టు. కణం చచ్చినచోట గోధుమరంగు చుక్క పడుతుంది. చుక్క ఉంటే పురుగు వచ్చినట్టు.”

“లేకపోతే?”

“సారుకు ఫోన్ చేసి రావద్దంటా. తప్పు నాదేనంటా, నీ పేరెత్తను. ఇటు జరుపు. ఇంకాస్త. ఇంకా... చుక్క. చిట్టీ, చుక్క. అదిగో ఇంకోటి. వచ్చాయే, పురుగులు వచ్చాయి. వచ్చి పస్తుండి చచ్చాయి. నువ్వు బంగారానివే.”

“చెప్పానుగా. ఇక నీళ్లు...”

“ఆగు. నాలుగు, ఏడు, పదకొండు... ఇదేంటే, తట్టు పోసినట్టు? ఒక్క సీసాకు కొసకు రెండో మూడో ఉండాలి. ఇన్నెక్కడివి?”

“తిట్టనంటే ఒకటి చెబుతా వదినా.”

“తిడతా. చెప్పు.”

“అయితే చెప్పను.”

“సరే, తిట్టను. సీసాలు బాగా కుదిపే పోశావు కదా?”

“కుదపాలా?”

“కుదపకపోతే ఎలాగే? పురుగులు చాలావరకు అడుగునే ఉండిపోతాయి. పైన తేలేవి ఏ కొన్నో.”

“అదే వదినా. పన్నెండు కుండీలకూ పైపైన వంచేశా. సీసాల అడుగున ఏదో తెల్లటి మడ్డి మిగిలింది. అది సింకులో పోయొద్దని నువ్వే బోర్డు పెట్టావు. ఎక్కడ పోయాలో తోచక, దీని సీసాతో పాటు ఆ పన్నెండు సీసాల మడ్డీ తెచ్చి దీనికే పోసేశా.”