‘వద్దు’ నేర్పిన మధ్యాహ్నం

ఫోటో స్టూడియో వెనక గది. బల్లమీద కంప్యూటర్ తెర మళ్ళీ నీలంగా మారి కూర్చుంది. దాని ముందు ముగ్గురు: బడిపిల్లలకీ పెళ్ళివాళ్ళకీ ఫోటోలు తీసే పెద్దాయన, ఆ ఫోటోలకు మెరుగులు దిద్దే ఆయన కూతురు, ఈమధ్య తరచుగా వచ్చిపోతున్న కంప్యూటర్ల మెకానిక్. మెకానిక్ ఇవాళ కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. అందుకు కారణం కంప్యూటర్ మాత్రం కాదు.

"...అంటే మళ్ళీ అదే జబ్బా అబ్బాయ్?"

"అదే జబ్బు మామయ్యా. పెద్ద ఫోటో తెరవగానే నీలం తెర. దభీమని పడిపోవడం, మళ్ళీ లేవడం."

"ఆగాగు. ఏమన్నావు?"

"పడిపోవడం, మళ్ళీ లేవడం."

"అది కాదురా. నన్నేమన్నావు?"

"మామయ్యా... అన్నాను."

"మొన్నటిదాకా బాబాయ్ అనేవాడివిగా?"

"నోటికొచ్చింది, అంతే."

"మూడేళ్ళ నుంచీ బాబాయ్ నోటికొచ్చి, ఇవాళ్టికి మామయ్య వచ్చిందా?"

"నాన్నా, ఆయన నోటి సంగతి తర్వాత చూద్దురుగాని. ముందు కంప్యూటర్ సంగతి చూడనివ్వండి. బడివాళ్ళు గ్రూప్ ఫోటో ప్రింటు కోసం మూడింటికి వస్తారు."

"మూడింటికే కదే, ఫ్రేముల షావుకారు ఫోన్ చేస్తానన్నది?"

"అవును."

"ఏంటి మేడమ్, మొహం అలా పెట్టారు? ఫోన్ దేనికి?"

"నన్నెందుకు అడగడం? ఆయన ఎదురుగానే ఉన్నారుగా. చెప్పండి నాన్నా."

"ఏముందిరా, మనకు ఫ్రేములిచ్చే షావుకారు లేడూ? వాళ్ళ తమ్ముడి కొడుక్కి మా అమ్మడిని ఇమ్మని అడిగాడు. సరే అన్నాను. మాట ఖాయం చేసుకోడానికి ఆదివారం అందరూ వస్తారట... ఆ స్క్రూడ్రైవర్ కింద పడేశావేంట్రా?"

"జారింది మామయ్యా. జారింది. మరి... మేడమ్ ఒప్పుకున్నారా?"

"నన్నడిగితేగా!"

"అడిగితే వద్దంటావని తెలుసుగా అమ్మడూ. అందుకే అడగలేదు."

"విన్నావా? ఇదీ మా ఇంట్లో న్యాయం."

"పోనీ మామయ్యా, ఆ అబ్బాయి మీకు నచ్చాడా?"

"నేనెక్కడ చూశాను?"

"చూడకుండానే సరే అన్నారా!"

"ఏం చెయ్యనురా? ఎదురుగా కూర్చుని, నా చెయ్యి పట్టుకుని మరీ అడిగాడు. అంతటి పెద్దమనిషికి మొహం మీద వద్దని ఎలా చెబుతాం?"

"మా నాన్న సంగతి నీకు పూర్తిగా తెలీదు. ఎవరైనా తలుపు తట్టి అడిగితే చాలు, సరే అనేస్తారు. చిలక లేదు, చిలక పంజరం ఉంది మా ఇంట్లో. ఉన్నది ఇద్దరం, దుమ్ము పీల్చే మిషన్లు మూడు. ఈయన వీధి చివరిదాకా నడిస్తే ఆయాసపడతారు, ఫుట్‌బాల్ జట్టుకి అధ్యక్షులు."

"పాపం, పిల్లలు ఎంతో ఆశగా వచ్చారే."

"మిషన్ల వాళ్ళో?"

"వాళ్ళూ ఎండలో తిరుగుతున్నారు కదే. అయినా ఆ పురాణమంతా ఇప్పుడెందుకు? ఒరే, నువ్వు దీని రోగం చెప్పు. మెమరీ మార్చావు, ఫ్యాను తుడిచావు, వైర్లన్నీ పీకి పెట్టావు. మళ్ళీ ఎందుకిలా?"

"వాటి తప్పేం లేదు మామయ్యా. నీలం తెరమీద సన్నగా ఏదో రాసి ఉంటుంది చూశారా? ప్రతిసారీ అదే పేరు. డ్రైవర్."

"ఎవడు వాడు?"

"మనిషి కాదు, చిన్న ప్రోగ్రాము. లోపల బొమ్మ చూపించే కార్డు ఒకటి ఉంటుంది. దాని మాట కంప్యూటర్‌కి తెలీదు, కంప్యూటర్ మాట దానికి తెలీదు. మధ్యలో ఉండి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేదే డ్రైవర్. పాతది బుద్ధిమంతుడు. కొత్తగా వచ్చిందే తప్పుడు మధ్యవర్తి. చిన్న ఫోటోలప్పుడు నోరు మూసుకుని ఉంటుంది. పెద్ద ఫోటో రాగానే ఒకటి చెప్పమంటే ఇంకోటి చెబుతుంది. కంప్యూటర్‌కి తిక్కరేగి అంతా కట్టిపెట్టేస్తుంది."

"మరి నువ్వు పాతదే పెట్టి వెళ్ళావుగా?"

"ప్రతిసారీ పాతదే పెడుతున్నాను. దీన్ని సగం నిద్రలో లేపి, కొత్తదాన్ని పీకేసి, పాతదాన్ని కూర్చోబెట్టి, దణ్ణం పెట్టి వెళ్తున్నాను. నాలుగు రోజులు తిరక్కుండా మీ నుంచి ఫోన్. వచ్చి చూస్తే మళ్ళీ కొత్తదే ఉంటోంది."

"దానంతటదే వస్తోందేమో?"

"రాదు మేడమ్. ఎవరో రమ్మంటేనే వస్తుంది. తెరమీద మూలన చిన్న డబ్బా ఒకటి కనిపిస్తుంది మామయ్యా. ‘కొత్త డ్రైవర్ వచ్చింది, వేసుకుంటారా?’ అని అడుగుతుంది. కింద రెండు మీటలు. ఒకటి సరే, ఇంకోటి వద్దు."

"ఆ, అదా! వస్తుంది, వస్తుంది. ఎంత మర్యాదగా అడుగుతుందో."

"మీరేం నొక్కారు?"

"ఏమోరా..."

"నాన్నా."

"అడిగింది కదే!"

"అంటే సరే నొక్కారు."

"పలకరించినట్టు వచ్చి అడిగితే, మొహం మీద వద్దని ఎలా నొక్కుతాం?"

"దానికి మొహం లేదు మామయ్యా!"

"అయినా నేను నొక్కింది ఒకటి రెండుసార్లేరా. నువ్వేమో ఇన్నిసార్లు వచ్చావు..."

"మీకేది గుర్తుంటుంది గనక నాన్నా? పొద్దున మీ కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది."

"అదీ నిజమేలే. సరే అబ్బాయ్, అసలా డబ్బానే రాకుండా చెయ్యలేవా?"

"చెయ్యొచ్చు."

"పెద్ద పనా?"

"అంటే... ఒక టిక్కు తీసెయ్యాలి."

"ఎంతసేపు పడుతుంది?"

"తీసేంతసేపు."

"మరి ఇన్నిసార్లు వచ్చావు, తియ్యలేదేం?"

"మర్చిపోయాను."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ మామయ్యా."

"పాపం! ఆయనకేమో కళ్ళజోడు గుర్తుండదు, ఈయనకేమో టిక్కు గుర్తుండదు."

"నవ్వకండి మేడమ్. ఇప్పుడు తీసేస్తాగా."

"తియ్యకు. ముందు మా నాన్నకి వద్దనడం రావాలి. ఈ డబ్బాకే వద్దని చెప్పలేని మనిషి, ఆ షావుకారుకి ఏం చెబుతారు?"

"అదేంటే! షావుకారుకి వద్దని చెప్పాలా?"

"చెప్పాలి నాన్నా."

"నీకిష్టం లేదూ?"

"లేదు."

"ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడగొచ్చుగా!"

"నిజంగా లేదా అమ్మడూ?"

"లేదు నాన్నా. రోజూ ఏడుపొస్తోంది. మీకు చెబితే, మీరు వాళ్ళకి చెప్పలేక మీలో మీరే నలిగిపోతారని ఊరుకున్నా. ఇంకాసేపట్లో ఆయన ఫోన్ చేస్తాడు. మీరు ‘సరే’ అన్నారంటే ఇక నా పని అయిపోయినట్టే."

"అయ్యో పిచ్చితల్లీ... నేనేదో మంచి పనే చేశాననుకున్నానే."

"మామయ్యా, బాధపడ్డానికి టైం లేదు. నేర్చుకోండి. మేడమ్, మీరే డబ్బా. అడగండి."

"కొత్తది వచ్చిందండీ. వేసుకుంటారా?"

"స..."

"మామయ్యా!"

"తర్వాత చూద్దాంలే అంటేనో?"

"తర్వాత అంటే రేపొచ్చి అడుగుతుంది."

"ఆలోచించి చెబుతానంటే?"

"ఎల్లుండి వస్తుంది."

"మా అమ్మాయినడిగి చెబుతానంటే?"

"ఆ ముక్క అనాల్సినప్పుడు అనలేదుగా నాన్నా! ఇప్పుడు లాభం లేదు. వద్దు అనండి."

"వ... వద్దమ్మా. ఏమీ అనుకోకు."

"ఆ చివరిది తీసెయ్యండి మామయ్యా."

"వద్దమ్మా."

"అమ్మ కూడా అక్కర్లేదు."

"వద్దు."

"గట్టిగా."

"వద్దు!"

"భేష్. ఇటు చూడండి, ఈలోపు పాత డ్రైవర్ పెట్టాను, కంప్యూటర్ లేచింది. అదిగో మూలన డబ్బా, అప్పుడే తయారు. మౌస్ పట్టుకోండి."

"పాపం, ఎంత మర్యాదగా అడుగుతోందిరా."

"అడిగితే అడిగిందిలే నాన్నా, నొక్కండి."

"నొక్కానే!"

"ఏది నొక్కారు?"

"వద్దు! వద్దే నొక్కాను! ఏమైంది? ఏమంటోంది?"

"ఏమీ అనలేదు, వెళ్ళిపోయింది. కోపం కూడా రాలేదు దానికి."

"మేడమ్, ఇప్పుడు ఆ బడి ఫోటో తెరవండి."

"తెరిచాను... ఉండు... వస్తోంది... నిలబడింది! మొదటి వరస నుంచి చివరి వరస దాకా పిల్లలందరూ ఉన్నారు."

"కొట్టు ప్రింటు! ఎవరది, ఫోన్ మోగుతున్నట్టుంది?"

"షావుకారే నాన్నా."

"ఒరే, నువ్వెత్తరా."

"నేనా! ఎత్తి ఏమని చెప్పను?"

"రాంగ్ నంబర్ అను."

"నాన్నా!"

"ఎత్తుతున్నానే, ఎత్తుతున్నాను. హలో... ఆ, నమస్కారం షావుకారుగారూ... బాగున్నామండీ... అందాయండీ, ఫ్రేములు చక్కగా ఉన్నాయి... అద్దాలు కూడా పగల్లేదు... ఆదివారమా?... ఓహో, అంతమందా... అలాగా... మీ వదినగారు కూడానా... స..."

"నాన్నా."

"మామయ్యా."

"...వద్దండీ. అబ్బే, ఆదివారం వద్దని కాదు. అసలు ఈ సంబంధమే వద్దండీ... మా అమ్మాయికి ఇష్టం లేదు... మాటిచ్చింది నేనే, కాదనను. దాన్ని అడక్కుండా ఇచ్చాను, తప్పు నాదే... లేదండీ, నాలుగు రోజులాగినా ఇదే మాట... ఆ... ఆ... మీ ఇష్టమండీ. ఉంటాను."

"ఏమన్నాడు నాన్నా?"

"ఇక ఫ్రేములు పంపనన్నాడు."

"అయ్యో!"

"అయ్యో ఏంటే? వాడు కాకపోతే ఇంకొకడిస్తాడు. కాసిని మంచినీళ్ళు ఇటివ్వు. ఒరే అబ్బాయ్, చెప్పేశాను చూశావా! భలే హాయిగా ఉందిరా! ఇన్నేళ్ళూ ఈ మాట ఎందుకు అనలేదో నాకే తెలీడం లేదు. ఇంకా ఎవరైనా ఉన్నారా వద్దనడానికి?"

"ఉన్నారు మామయ్యా. అంటే, మీరు వద్దనకూడదనుకోండి."

"ఎవరు?"

"నేనే."

"నువ్వేం అమ్ముతున్నావురా?"

"అమ్మడం కాదు, అడగడం."

"ఏం అడగడం?"

"అడుగు మరి. ఇందాకట్నుంచీ ఆ స్క్రూడ్రైవర్‌ని చేతిలో తిప్పిందే తిప్పుతున్నావు."

"అడుగుతున్నా మేడమ్. మామయ్యా... అదే... మీ అమ్మాయిని... నాకిచ్చి పెళ్ళి చేస్తారా?"

"వద్దు."

"మామయ్యా!"

"నాన్నా!"

"ఆగండర్రా, మాట పూర్తి కానివ్వరేం? వద్దు, నన్నడగొద్దు. దాన్నడక్కుండా ఒకసారి సరే అని, అది ఎంత ఏడ్చిందో ఇప్పుడే విన్నాను. ఇంకోసారి ఆ పని చెయ్యను. అదిగో, ఎదురుగానే ఉంది. దాన్నే అడుగు."

"...అడగనా?"

"ఎవరైనా వద్దన్నారా?"

"నాకు భయంగా ఉంది."

"నేనేం పులినా?"

"నువ్వు మీ నాన్నలాగా కాదు. ఏదడిగినా వద్దంటావు. టీ తెప్పించనా అంటే వద్దు. వానలో గొడుగు ఇవ్వనా అంటే వద్దు. బండి మీద దింపనా అంటే అస్సలు వద్దు. మూడేళ్ళలో నీ నోట ఒక్కసారి సరే అనే మాట విన్నానా నేను?"

"ఓరి నీ అమాయకత్వం! నాన్న నొక్కింది ఒకటి రెండుసార్లే. మిగతా అన్నిసార్లూ ఆ డబ్బాకి ‘సరే’ నొక్కింది ఎవరనుకున్నావు?"