లింబాద్రి బ్రాంచి ఆఫీసు

"ఏ సంవత్సరమని మాత్రం అడుగొద్దు," అంటూ లింబాద్రి మొదలుపెట్టాడు. "నిరుడో, ముందటేడో, మతికి లేదు. నా మతి మీద నాకే నమ్మకం లేదు. దీపావళికి పది రోజులుండె, గంతవరకు ఖాయం."

జ్ఞాపకం విషయంలో అతడు చెప్పింది నిజమే. ఎన్నోసార్లు చెప్పిన కథలో జరిగినదేదో, కిందటిసారి తాను చేర్చినదేదో విడదీయడం అతడికి కూడా సాధ్యమయ్యేది కాదు. ఖాళీ తగిలినచోట ఒక అంకె పెట్టేవాడు. తరువాతి కథలో ఆ అంకె పెరిగేది. అయితే ఒక్క సంగతిని మాత్రం అతడు ఏనాడూ మరవలేదు. మరవలేదు కనుకనే, కథ చెప్పిన ప్రతిసారీ దాని చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

బోధన్ శక్కర్‌నగర్ చౌరస్తాలో, లక్ష్మీరాజం చాయ్ హోటల్ ముందరి బల్ల మీద కూర్చునేవాళ్లకు ఈ కథ కొత్త కాదు. ఒకప్పుడు చెరుకు బండ్లను కాంటా మీద తూచిన పరమేశ్వర్, దీన్ని తొమ్మిదిసార్లు విన్నానంటాడు. ఆ సాయంత్రం కొత్తగా వచ్చింది సుష్మ ఒక్కతే. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. నిజాంసాగర్ కాలువ కింద వాళ్ల బాపుకు ఎకరం చెరుకుంది. దాన్ని బేరమాడిన బెల్లం గానుగాయన మరునాడు పొద్దున్నే కోత కూలీలను తీసుకొస్తానన్నాడు. కోయనివ్వాలా, లేక కోత ఆపి పండుగలకు గడలుగా ఆన్‌లైన్‌లో అమ్ముకోవాలా అన్నది రాత్రిలోగా ఆమె తేల్చాలి. ఆ చుట్టుపక్కల చెరుకు గడలను ఫోనులో అమ్మినవాడు లింబాద్రి ఒక్కడేనని ఎవరో చెబితే, నోట్‌బుక్కు పట్టుకుని వచ్చింది.

ఆ నోట్‌బుక్కు అతడిని నిలవనీయలేదు. ఇంతకాలం అతడి మాటలకు జనం నవ్వారు, చాయ్ తాగించారు, లేచిపోయారు. రాసుకున్నవాళ్లు లేరు. లింబాద్రి బల్ల మీద నుంచి లేచి స్తంభానికి ఆనుకున్నాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అతడి చాయ్ మీద మీగడ కట్టింది.

"ముందు పెద్దగ ఏం లేదు బిడ్డా. ఐదంటే ఐదు గడలు. గట్టు మీద నిలబెట్టి ఫొటో దీసి ఫోన్ల పెట్టిన. మహారాష్ట్రోళ్లు తులసమ్మకు పెండ్లి జేసినప్పుడు గడలతోని పందిరి ఏస్తరని నాకు ఎర్కే. పొద్దుమూకేసరికి నాందేడ్ నుంచి ఒకామె ఫోను. 'భావూ, పాచ్ ఊస్ పాఠవా' అన్నది. ఐదు గడలు పంపుమని. పంపిన. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"ఐదు నూర్ల ఆర్డర్లు ఒచ్చినయి," అన్నాడు పరమేశ్వర్, చాయ్ ఊదుకుంటూ.

"ఐదు వేలు! నువ్వు పోయినసారిదే పట్టుకొని కూసున్నవ్."

సుష్మ 'ఐదు వేలు' అని రాసి కింద గీత గీసింది. ఆ గీత లింబాద్రి కంటికి అవసరమైన దానికంటే నల్లగా కనిపించింది. అతడు గొంతు పెంచాడు.

"ఫోను మోగుడు గాదు, ఉడుకుడు! ఎంత ఉడుకంటే మా ఆమె రుక్మాబాయి దాని మీద జొన్నరొట్టెలు కాల్సింది, నాలుగు మంచిగ కాలినయి, ఐదోది మాడింది, ఎందుకంటే గప్పుడే పూణె నుంచి ఒకేపారి మూడు నూర్ల ఆర్డర్లు పడ్డయి. ఇగ నిజామాబాద్‌ల బ్రాంచి ఆఫీసు తెరువక తప్పలే. బస్టాండు కాడ. మా ఆమెనే సూస్కుంటది ఇప్పటికి గూడ. తెరిసుడే ఆలస్యం, జనం లైను గడ్తరు. ఆడ ఎప్పుడు సల్లగుంటది."

"ఏసీ పెట్టించినవా?" అన్నాడు లక్ష్మీరాజం.

"ఏసీ కన్న సల్లగ," అని ఆ మాటను తొందరగా దాటేశాడు. "గదట్లుండనియ్యి గాని, కొరియరోళ్లు మా తోని గాదని చేతులెత్తేసిన్రు. రైలుకెక్కించిన. ఆకులు కిటికీలల్లకెల్లి బయటికెల్లినయి. జానకంపేట కాడ ఒక మేక సూసింది. బాసర ఒచ్చేసరికి నూరు మేకలు. గోదారి వంతెన మీద ముంగట రైలు, ఎన్క మేకలు! నాందేడ్ల మనుషుల కన్న మేకలే ఎక్కువ దిగినయి. స్టేషన్ మాస్టరు ఫోను జేసి, 'సేట్, వీటి టికెట్లు ఎవలు కడ్తరు?' అన్నడు."

"నువ్వే కట్టినవా?"

"కట్టిన. మేకకు అర టికెట్."

బల్ల మీదివాళ్లంతా నవ్వారు. సుష్మ నవ్వలేదు. పెన్సిలు ఆపి, "కాకా, ప్యాకింగు ఎట్ల చేసిండ్రు?" అని అడిగింది.

"ప్యాకింగా? వస్తున్న, ఆడికే వస్తున్న," అన్నాడు లింబాద్రి. కాని అటు రాలేదు. పారిపోయేవాడు ఊరి దారి వదిలి పొలాలకు అడ్డంపడ్డట్టు, అతడు ఇంకా పెద్ద అబద్ధంలోకి దిగాడు. "అసలు ప్యాకింగు పనే లేకుంట జేసిన. ఎట్లనంటవా? రైలు గూడ సాలలేదు గద, గప్పుడు ఒక్క గడకు కాలువ నీళ్లన్ని మలిపిన. పెరిగింది. పెరిగి పెరిగి వంగింది. వంగి మంజీర దాటింది. మొదలు మా పొలంల, కొస నాందేడ్ల ఆమె వాకిట్ల! ఆమె ఆడ ఇంత ఇరుసుకుంటది, ఈడ నాకు పైసలు పడ్తయి. అడ్రసు సెప్తే గడ అదే పోతుండె. ఇగ రెండు రాష్ట్రాల ఆఫీసర్లు ఒచ్చిన్రు, ఈ పంట ఎవలదని కొట్లాట..."

"కాకా."

సుష్మ గొంతులో వెక్కిరింత లేదు. ఉంటే అతడు తట్టుకునేవాడు. ఎకసెక్కానికి బదులు చెప్పడం అతడికి చేతనవును. ఆమె సంచిలో నుంచి కొలత టేపు తీసి బల్ల మీద పెట్టింది.

"పొడుగు గడ సంగతి తర్వాత. ఆ మొదటి ఐదు గడలు ఎట్ల పంపిండ్రో చెప్పుండ్రి. నేను పొద్దుగాల్ల కొరియర్ ఆఫీసుకు పోయిన. నాలుగు ఫీట్ల కంటె పొడుగుంటె తీసుకోం అన్నరు. మా చేన్ల గడ ఆకుతోని కలిపి కొలిస్తె తొమ్మిది ఫీట్లున్నది. తులసి పెండ్లికి గడ నిండుగ నిలబడాలె, కొస ఆకు తెగొద్దు. మరి మీరు ఎట్ల పంపిండ్రు? అది తెలువక ఆగిపోయిన. రేపు కోత ఆపమని బాపుకు ఏమని చెప్పాలె?"

లక్ష్మీరాజం చేతిలోని జల్లెడ ఆగింది. పరమేశ్వర్ మెల్లగా గ్లాసు కింద పెట్టి, "తొమ్మిదిసార్లు ఇన్న," అన్నాడు. "గీ ఒక్కటి నాకెందుకు తట్టలే?" ఆ తరువాత బల్లంతా ఊగేటట్టు నవ్వాడు.

లింబాద్రి టేపు వైపు చూశాడు. ఇంకొక అబద్ధం అతడి నాలుక మీదికి వచ్చింది కూడా. కాని ఎదురుగా తెరిచి ఉన్న పేజీలో, తన 'ఐదు వేలు' కింద, ఆ పిల్ల ఎకరం చెరుకు ఉంది. కోత అదను దాటిన చెరుకు ఎట్లా ఎండుతుందో అతడికి తెలుసు.

"నరికిన," అన్నాడు. "గడను మూడు తునకలు జేసి, కట్టగట్టి పంపిన. ఐదు ఒక్కటే గాదు. మొత్తం అరవై ఇండ్లకు పంపిన. తెగిన గడ పెండ్లి పందిట్ల ఎవలు పెడ్తరు బిడ్డా? నాందేడ్ ఆమె ఫోన్ల ఏడ్సింది. అరవై కట్టలు వాపస్ ఒచ్చినయి. కోత ఆపకు. మీ బాపుకు సెప్పు."

సుష్మ ఫోను తీసింది. "బాపూ, కోతకు రానియ్యి," అని, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని లింబాద్రిని అడిగింది. "వాపస్ వచ్చినవి ఏం చేసిండ్రు?"

ఇదే అతడు చుట్టూ తిరిగి వెళ్లే చోటు. అతడు లేచి, రెండడుగులు వేసి, తిరిగి వచ్చాడు.

"నేనేం జేయలే. మూల కూసున్న. మా ఆమెనే ఎండిన కొసలు గోసేసి, కిరాయికి రసం మిషను తెచ్చి, బస్టాండు కాడ పెట్టింది. అల్లం, నిమ్మకాయ, ఇంత ఐసు. రెండు దినాలల్ల కట్టలు ఒడిసినయి. మూడో దినం ఆమెనే వేరే గడలు కొనుక్కొచ్చింది."

"బ్రాంచి ఆఫీసు," అన్నాడు పరమేశ్వర్. ఈసారి అతడు నవ్వలేదు.

"గదే. జనం లైను గట్టుడు నిజం. సల్లగుండుడు నిజం. నా ఇల్లు నడిసేది గూడ దాని మీదనే."

సుష్మ ఫోనులో, "రెండు సాళ్లు మాత్రం ఉంచుమను బాపూ. రేపు బస్టాండుకు పోయి ఒకామెను అడిగొస్త," అంది. ఐదు వేలు రాసిన పేజీని చింపలేదు. దాన్ని తిప్పి, కొత్త పేజీ మీద పెన్సిలు పెట్టి తలెత్తింది. "ఏమని అడగాలె కాకా? బండి మీద ఏం పేరుంటది?"

"రుక్మాబాయి," అన్నాడు లింబాద్రి. చల్లారిన చాయ్ చేతిలోకి తీసుకుని, తాగకుండా పట్టుకున్నాడు. "గీ ముచ్చట మతికి లేక ఇడిసిపెట్టలే బిడ్డా. ఎరికుండే ఇడిసిపెట్టిన. బండి మీద పేరు రాసే దినం ఆమె నన్ను అడిగింది, 'మీ పేరు రాపియ్యాల్నా' అని. కష్టం ఆమెది గద, నేనే వద్దన్న."