తెల్లారి పడిన రష్యావోడు

ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా ఎస్తేరక్క టీ కొట్టు. ఆ సాయంత్రం దినేష్ ఆ కొట్టు బెంచీ మీద కూచొని, అందరూ తాగే టీ వాసన మాత్రం పీల్చుకుంటా ఉన్నాడు. పొద్దున్నుంచి చుక్క నీళ్లు ముట్టలేదు. నాలుక అంగిట్లో అట్టముక్క మాదిరి అతుక్కపోయింది. రేపు పొద్దున బెంగుళూరులో బరువు తూస్తారు. ఆ తూకంలో బరువు మించకుంటేనే సాయంత్రం ఇనుప వల లోపల పోటీ. గుద్దులు, తన్నులు, పట్లు, అన్నీ చెల్లే పోటీ. జిన్నింగు మిల్లులో దూది బోరాలు మోసే దినేష్‌కి ఇదే మొదటిది. పోటీ పెట్టేవాళ్లు ఒక్కటే షరతు చెప్పినారు. వల బయట నీళ్లూ తువ్వాలా పట్టుకొని నిలబడే మనిషి ఒకడు వెంట రావాల, లేకుంటే లోపలికి పంపరు.

ఆ మనిషి గోవిందన్న. "నేనుండాను కదప్పా" అని మాటిచ్చినాడు. మిల్లు వెనక ఖాళీ జాగాలో దినేష్‌కి పట్లు నేర్పింది ఆయనే. ఒకప్పుడు బెంగుళూరులో తానే వలలోకి దిగి కొట్లాడినానని ఊరంతా చెప్పుకుంటాడు. దినేష్ ఆ మాటల్ని దిండు కింద పెట్టుకొని పడుకునేవాడు. కండ్లు మూస్తే తెల్లటి లైట్లు, జనం కేకలు, వల బయట గోవిందన్న.

ఇంకాసేపట్లో వచ్చే బెంగుళూరు బస్సు ఇద్దరూ ఎక్కాల. అది తప్పితే పొద్దున తూకానికి అందుకోలేరు.

గోవిందన్న చేతిలో సంచి లేదు. "సంచెందుకప్పా, ఒంటి మీద బట్ట సాలు" అన్నాడు. దినేష్‌ని రోడ్డుకి వీపు పెట్టించి తన ఎదురుగా కూచోబెట్టుకున్నాడు. ఫోను అడిగి తీసుకొని తన జేబులో వేసుకున్నాడు.

"పోటీకి ముందు ఫోను సూస్తే తల వేడెక్కుతాది. నా కండ్లలోకే సూడు. ఎదుటోని మీద నుంచి సూపు తిప్పినోడు సగం ఓడినట్లే."

ఆటో తోలే హనుమన్న పక్క బెంచీ నుంచి, "ఆ రష్యావోని కత ఇంగోసారి సెప్పు మామా. పిల్లోనికి దైర్నం వస్తాది" అన్నాడు.

"పెద్ద కతేం కాదప్పా. ఆ పోటీకి ఇనుప వల బిగించే పనికి పోయినాను నేను. కొట్లాడాల్సినోడు ఎవడో కడుపునొప్పని రాలేదు. ఈన్ని దింపుదామన్నారు, దిగినాను, అంతే. ఎదురుగా రష్యావోడు, కరెంటు స్తంభానికి చెడ్డీ తొడిగినట్ల ఉండాడు. వాడు కాలెత్తి నా తొడ మీద ఒక్కటిచ్చినాడు. మంచి దెబ్బే, కాదనను. కానీ నేను సూసింది వాని కాలు కాదు, నడుము. అది యాడికి తిరుగుతాదో దెబ్బ ఆడికే వస్తాది. బలమంతా సేతిలో ఉంటాదనుకుంటారు తెలీనోళ్లు. మడమలో పుట్టాల, నడుములో తిరగాల, భుజంలో దూకాల. నువ్వు బోరా వీపు మీదికి ఎట్లేసుకుంటావప్పా, సేతులతోనా, నడుముతోనా?"

"నడుముతోనే మామా." దినేష్ గొంతు గరగరలాడింది.

"ఆ, అట్ల తిరిగి ఒక్కటి గుద్దితే ఏమైందో తెలుసునా? వాని రొమ్ము మీద పులి పచ్చబొట్టు ఉండె. అది పోయి వీపు మీద తేలింది."

హనుమన్నకి టీ ముక్కులోకి ఎక్కింది. "పులి గాండ్రించిందా మామా?"

"గాండ్రించలే. దగ్గింది."

దినేష్ కూడా నవ్వబోయినాడు. ఎండిన పెదవి చిట్లి రక్తం ఉప్పగా తగిలింది.

"ఇంగ పట్టు సంగతి ఇను. నన్ను కింద పడేసి మెడ సుట్టూ సెయ్యేసినాడు. బయపడి గింజుకున్నోడు దమ్మంతా ఆడనే పోగొట్టుకుంటాడు. నేను గడ్డం రొమ్ముకి ఆనిచ్చి, వాని మణికట్టు రెండు సేతులా పట్టి, ఊపిరి ముక్కుతో కొంచెం కొంచెం పీల్చినాను. మొదటి రౌండులో పీల్చిన గాలి మూడో రౌండులో ఇడిసినాను. ఆ గాలికి ముందు వరసలో కూసున్నోళ్లకి జలుబు సేసింది. అప్పుడు వాని కాళ్లూ సేతులూ కలిపి దూది బేలు కట్టినట్ల కట్టేస్తి. డాక్టర్లు ఇప్పలేకపోయినారు. ఆదోని మిల్లు నుంచి మనిషిని పిలిపించి ఇప్పించినారు."

"కారు పంపించి పిలిపించినారా?" అన్నాడు హనుమన్న.

"ఇమానం పంపించినారు. నడమ అడ్డం రావద్దు నువ్వు."

వెనక రోడ్డు మీద హారను మోగింది. ఎవరో ఏదో ఊరి పేరు కేకేస్తున్నారు. దినేష్ మెడ తిరగబోయింది.

"సూపు" అని గోవిందన్న అతని మోకాలి మీద కొట్టినాడు. "అది నందవరం బస్సులేప్పా. మనది వస్తే నాకు తెలీదా?"

దినేష్ చూపు తిప్పలేదు. గోవిందన్న నుదుటి మీద చెమట పట్టింది. గొంతు పెరిగింది, మాట మీద మాట ఎక్కింది.

"అసలు కత ఈడుంది. దమ్ము. నా ఒంటి నుంచి కారిన సెమటకి వలలో మోకాటి లోతు నీళ్లు నిలిసినాయి. రెఫరీ ప్యాంటు మడుసుకొని తిరిగినాడు. ఆ వారమంతా ఆ ఈదికి నీళ్ల ట్యాంకరే రాలే, అవసరం లేక. కట్లిప్పినాక రష్యావోడు మళ్లీ లేసినాడు. ఈసారి నేను గుద్దిన గుద్దు ఎంత వేగమంటే, తగిలినట్ల వానికే తెలీలేదు. గెలిసినాననుకొని సేతులెత్తినాడు, పతకం ఏయించుకున్నాడు, హోటలుకి పోయి బోంచేసి పండుకున్నాడు. తెల్లారి పండ్లు తోముకుంటా తోముకుంటా దబ్బున పడినాడు."

"అయితే పతకం?" అన్నాడు దినేష్.

"వాని కాడనే ఉండాది. నాకెందుకప్పా పతకం."

హనుమన్న బెంచీ చరిచి చరిచి నవ్వినాడు. ఆ నవ్వు మధ్యలో గోవిందన్న చూపు తిరిగింది. దినేష్ భుజం మీదుగా రోడ్డు దాకా పోయి, కొంచెం సేపు అక్కడే ఆగింది. మోసుకొచ్చిన బోరా దించేసినోని మాదిరి ఆయన భుజాలు కిందికి జారినాయి. నడుము చూడాల, భుజం చూడాల అని నేర్పింది ఆయనే కదా. దినేష్ చూసినాడు.

కొళాయి కాడి నుంచి బిందెతో వచ్చిన ఎస్తేరక్క, బిందె దించి, గ్లాసు ముంచి దినేష్ ముందర పెట్టింది.

"తాగు నాయనా. బస్సు పోయింది. కండక్టరు బెంగుళూరు, బెంగుళూరని అరిసి అరిసి పోయినాడు. మీరు ఎక్కినారనుకుంటి నేను."

హనుమన్న నవ్వు సగంలో ఆగిపోయింది.

"అయ్యో, మాటల్లో పడి..." అన్నాడు గోవిందన్న.

"మాటల్లో పడలేదన్నా నువ్వు. ఆ వల ఇనుము మోసింది నువ్వూ మా ఆయనా. పని కాంగానే ఇద్దర్నీ గేటు బయటికి పంపిస్తే, లోపలి కేకలు ఇనుకుంటా నిలబడినారంట. ఆ మాట సెప్పింటే ఈ పిల్లోడు నిన్ను వద్దంటాడా? నీళ్లూ తువ్వాలా పట్టుకొని నిలబడేకి కొట్లాడినోడే కావాల్నా?"

గోవిందన్న జేబులోంచి ఫోను తీసి బెంచీ మీద పెట్టినాడు.

దినేష్ గ్లాసు వైపే చూస్తా ఉన్నాడు. దాని చుట్టూ చల్లటి నీటిబొట్లు ఒకదాన్నొకటి అంటుకొని కిందికి జారుతున్నాయి. వేలితో మెల్లగా దాన్ని గోవిందన్న ముందుకి జరిపినాడు.

"నువ్వు తాగు మామా. చానా సేపు కొట్లాడినావు."