నాలుగు కాళ్ల స్టాండూ, దొండకాయ వేపుడూ

అన్యాయం జరిగింది మాణిక్యాంబకి. జరిగింది పంతొమ్మిది వందల ఎనభై అయిదు, జూలై మూడో తేదీ, బుధవారం. ఆ పొద్దున మరిది కుక్కుటేశ్వరరావు నూతి దగ్గర కాలు జారాడు. "రెండ్రోజులు వదినగారూ, రెండే రోజులు" అంటూ ఆవిడ నడక స్టాండు పట్టుకుపోయాడు.

తుంటి విరిగాక డాక్టరు చెబితే, వడ్రంగి సత్తియ్య చేత చేయించుకున్న టేకు స్టాండది. నాలుగు కాళ్లు, జారకుండా వాటి కింద సైకిలు టైరు ముక్కలు. అదుంటే ఆవిడ వంటింట్లోకీ పెరట్లోకీ ఒకళ్ల సాయం అడక్కుండా వెళ్లొచ్చేది. అది పోయాక పెరట్లోకి వెళ్లాలన్నా, కోడలు మీనాకుమారి కొట్టు కట్టేసి వచ్చేదాకా బిగబట్టుకుని కూర్చోవడమే. మూడుసార్లు కబురు పెట్టింది. మూడుసార్లూ ఒకటే జవాబు: "కాలింకా సలుపుతోందని చెప్పండి."

ఆ సలుపు సంగతి ఆవిడకి తెలుసు. ధవళేశ్వరంలో ఆ వీధి మొత్తానికి సాయంత్రం కాలక్షేపం అతని అరుగే. కోత కోతకీ స్టాండుని గచ్చుకేసి టక్కుమని కొడుతుంటే కచేరీకి తాళం కుదిరింది. అంత మంచి వాయిద్యం చేతికొచ్చాక ఎవడు వదులుకుంటాడు?

ఆగస్టు పధ్నాలుగు సాయంత్రం కూడా తాళం వినిపించింది. అతని ఇంటికి ఎదురుగా, మాణిక్యాంబ తన అరుగు మీద కూర్చుని, కోడలు అమర్చి వెళ్లిన కిరసనాయిలు స్టవ్వు మీద దొండకాయ వేయిస్తోంది.

"పెద్ద గొప్పేం కాదండీ" అంటున్నాడు కుక్కుటేశ్వరరావు. "మా ఆవిడ పెద్దాపురం మరిడమ్మ జాతరకెళ్లింది. నాది ఒంటికాలు. ఎడం చేత్తో స్టాండు, కుడిచేత్తో అట్లకాడ. అరకేజీ దొండకాయ చక్రాల్లా తరిగాను. మూత పెట్టలేదు. ఉప్పు చివర్లో వేశాను. అంతే."

"బానే ఉందండి" అన్నాడు కోతలు వినడానికొచ్చిన అచ్చిబాబు, టీ ఊదుకుంటూ.

"బానే ఉండటం కాదు, ఆ తర్వాత ఏమైందో తెలుసా?" టక్. "వాసనకి రాజమండ్రి బస్సు ఆగిపోయింది. డ్రైవరు దిగాడు, కండక్టరు దిగాడు, వాళ్ల వెనక యాభై మంది విస్తరాకులు పట్టుకుని దిగారు."

"బస్సులో విస్తరాకులెక్కడివండీ?" అన్నాడు పక్కనే కూర్చున్న పల్లంరాజు.

"పెళ్లివారి బస్సయ్యా! వినవేం? అరకేజీ కాయ యాభై మందికి సరిపోయి, రాత్రికి నాకు మిగిలింది. అప్పుడనిపించింది, ఈ చేతికి ఇల్లు చాలదని. మర్నాడు స్టవ్వుని ఈ స్టాండుకే కట్టాను. మూకుడు పెట్టి బ్యారేజీ ఎక్కాను. నడుస్తూనే వేపుడు! ధవళేశ్వరంలో పోపు, ర్యాలి దగ్గర కాయలు, మద్దూరులో ఉప్పు, విజ్జేశ్వరం ఒడ్డు తాకేసరికి కారం!" టక్, టక్.

"నాలుగు కిలోమీటర్లండీ!"

"ఒంటికాలి మీద. ఇంతలో ఏమైందో తెలుసా? గోదారి ఎర్రగా పొంగుతోందా, ఆ వాసనకి పులసలు గేట్ల దగ్గర వరస కట్టాయి. ఒకటి ఎగిరొచ్చి సరాసరి నా మూకుట్లో పడింది!"

"అయ్యో, మీరు నీచు ముట్టరు కదండీ?"

"అందుకే తోక పట్టుకుని నీళ్లలోకి విసిరేశాను. వెళ్తూ వెళ్తూ రెండు ముక్కలు నోట కరుచుకుపోయింది, దొంగముండ!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మాణిక్యాంబ నవ్వలేదు. తను ఆరు వారాలుగా సాయం లేకుండా అంగుళం కదల్లేదు, తన స్టాండేమో గోదారి దాటి వచ్చేసింది. ఆవిడ మూకుట్లోకి చూసింది. దొండకాయ చక్రాలు అంచుల్లో ఎర్రబడుతున్నాయి. సరిగ్గా కలపాల్సిన వేళ. ఆవిడ వత్తులు పెద్దవి చేసింది. తర్వాత అట్లకాడని మెల్లిగా అరుగు కిందకి జార్చేసింది. అది రాళ్ల మీద ఖణేల్మంది.

"...ఇక గేట్లున్నాయే, అవి వాటంతటవే..." కుక్కుటేశ్వరరావు ముక్కు ఎగబీల్చాడు. "వదినా! మాడుతోంది!"

"అట్లకాడ పడిపోయిందయ్యా. వంగలేను."

"వత్తులు దించండి!"

"ఆ మీట తిప్పితే మంట పెద్దదవుతోంది."

పొగ లేచింది. "చక్రాలు నల్లబడిపోతున్నాయి!" అని అరుస్తూ, కోతల్లో తప్ప ఎప్పుడూ పొయ్యి దగ్గర నిలబడని ఆ మనిషి, మూడు మెట్లూ ఒక్క దూకులో దిగి, వీధి దాటి, ఉత్తరీయంతో మూకుడు దించేశాడు.

ఎదుటి అరుగు మీద స్టాండు ఒక్కటే నిలబడి ఉంది.

"కుక్కుటేశ్వరరావుగారూ," అచ్చిబాబు టీ గ్లాసు కింద పెట్టాడు, "అది మీతో రాలేదేవండీ?"

మూకుడు పట్టుకున్న మనిషి తన కాళ్లవైపు చూసుకున్నాడు. రెండూ నేల మీద బాగానే ఆనుకుని ఉన్నాయి.

"గోదారి దాటిందిగా, అలిసిపోయుంటుంది" అంది మాణిక్యాంబ. "పల్లంరాజూ, కాస్త ఇటు తెచ్చిపెట్టు నాయనా."

అతను తెచ్చి పెట్టాడు. ఆవిడ రెండు చేతులా పట్టుకుని, నొప్పికి పళ్లు బిగించి, లేచి నిలబడింది.

"వదినా, మరి ఈ వేపుడు?"

"మాడింది నీదే, పట్టుకుపో. విజ్జేశ్వరం దాకా పంచు."

ఆవిడ స్టాండు జరుపుకుంటూ, ఎవర్నీ పిలవకుండా పెరట్లోకి వెళ్లొచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, పాల లెక్క రాసే క్యాలెండరు మీద పెన్సిలుతో రాసింది: స్టాండు వచ్చింది. 14-8-1985, బుధవారం.